వెనక్కి తిరిగి చూసిన రాతి గుర్రం

ఆ రాతి గుర్రం నవల రాసిన పెద్దాయన చివరి అధ్యాయాన్ని నా బస్సులో కూర్చుని రాశాడు. హిందూపురం నుంచి ధర్మవరం వెళ్ళే ఎర్ర బస్సు, డ్రైవరు వెనక రెండో సీటు, కిటికీ పక్క. నేను కండక్టర్ని. సోమందేపల్లి దాటాక ఆయన కలం ఆపి, కళ్ళద్దాలు పైకి తోసుకుని, తలెత్తి, గుర్రాన్ని చంపాలా బతికించాలా అని నన్నే అడిగాడు. నేను టికెట్ల సంచి సర్దుకుని, మీ ఇష్టం సార్, మీ గుర్రానికి మాత్రం టికెట్టు కొట్టను అన్నాను. ఆయన నవ్వి మళ్ళీ రాతలో పడ్డాడు.

ఈ సంగతి హిందూపురంలో నాకు తెలిసిన ప్రతివాడికీ చెప్పాను, కొందరికి రెండుసార్లు. ఆ నవలను సినిమాగా తీస్తున్నారని తెలిసిన తర్వాత, మొదటిసారి నమ్మనివాళ్ళు కూడా టీ తాగించి మరీ చెప్పించుకున్నారు.

నవల తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒక కొండ కింద వెయ్యేళ్ళుగా నిలబడిన రాతి గుర్రం. గొర్రెలు కాచే పిల్ల ఒకతె. ఆ పిల్ల ఈల వేస్తే రాయికి ప్రాణం వస్తుంది. కానీ వేసిన ప్రతి ఈలకూ ఆమె జ్ఞాపకాల్లోంచి ఒకటి చెరిగిపోతుంది. మొదట ఊరి పేరు, తర్వాత గొర్రెల లెక్క, ఆ తర్వాత నాయన ముఖం. మేం వయసులో ఉన్నప్పుడు ఒక వారపత్రికలో వారం వారం వచ్చింది. రచయిత ఆ కొండకు పేరు పెట్టలేదు. అది తమ కొండేనని పెనుకొండవాళ్ళు అంటారు. గుర్రం నీళ్ళు తాగిన వాగు తమదని గుడిబండవాళ్ళు అంటారు. ఆ వాగులో నీళ్ళు చూసినవాళ్ళు గుడిబండలో ఎవరూ లేరు, అది వేరే సంగతి.

పెనుకొండలో నాకో స్నేహితుడున్నాడు, రిటైరైన డ్రాయింగు మాస్టరు. నవల పుస్తకం ఆయన దగ్గర ఒకటుంది. కాకీ అట్ట వేసి, చేతులు కడుక్కున్నవాళ్ళకే చూపిస్తాడు. సినిమా ప్రకటన వచ్చిన వారంలోపే ఆయన వాట్సాప్‌లో గ్రూపు పెట్టాడు. మూడు ఊళ్ళ వాళ్ళం చేరాం, సగానికి పైగా పింఛనుదారులం. ప్రతి ఆదివారం పెనుకొండ బస్టాండు పక్కన టీ అంగట్లో కలిసేవాళ్ళం. పోస్టరులో గుర్రం బూడిద రంగులో ఉందని ఒక ఆదివారం పోయింది, నవలలో అది నలుపు. ట్రైలరు వచ్చినప్పుడు అందులో ఒక్క క్షణం గుర్రం తోక కనిపించింది. మాస్టరు ఫోను అక్కడ ఆపి, బజ్జీలు చుట్టే కాగితం మీద ఆ తోకను ఉన్నదున్నట్టు గీసి, అంగట్లో అందరికీ చూపించాడు. నవలలో తోకకు మూడు ముడులు, వీళ్ళు రెండే వేశారు. ఆ రోజు మాస్టరు టీ ముట్టలేదు.

ఇంతమంది అభిమానుల్లో, సినిమా నవలలా ఉండకూడదని దేవుడికి మొక్కుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఎందుకో చెప్పాలంటే ధర్మవరం వెళ్ళాలి.

మా అక్కను ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్ళింట్లో ఇచ్చాం. మా బావ ఇప్పుడు లేడు. అప్పట్లో ఆయన ఇంట్లో, పక్కింట్లో కలిపి ఆరు మగ్గాలు ఆడేవి. నేసేవాళ్ళకు చేతులూ కాళ్ళూ ఖాళీ ఉండవు, చెవులు మాత్రం ఖాళీ. అందుకని ఎవరైనా గడప దగ్గర కూర్చుని పత్రిక చదివిపెట్టడం ఆ వీధిలో అలవాటు. నేను వారానికోసారి హిందూపురం బస్టాండులో పత్రిక కొని, డ్యూటీ అయ్యాక అక్కడికి వెళ్ళి చదివేవాణ్ణి. అక్క పక్కన కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతూ వినేది. ఆమెకు చదువు రాదు, సంతకం మాత్రం నేర్చుకుంది. కథ ఎట్లా నడుస్తోందో మగ్గాల్లో అటూ ఇటూ పరిగెత్తే నాడెల చప్పుడే నాకు చెప్పేది. పిల్ల ఈల వేయబోతుంటే ఆరు నాడెలూ నెమ్మదించేవి. కథలో రాక్షసుడెవడైనా గుర్రం తన్నులు తింటుంటే ఊపందుకునేవి. అట్లాంటి వారాల్లో చీర మగ్గం మీంచి ఒక రోజు ముందే దిగేదని బావే ఒప్పుకున్నాడు.

ఆయనకు ఒకటే భయం, ఏడుపు. మగ్గానికి నిలువుగా బిగించిన పట్టు పోగుల మీద, ఆ పడుగు మీద, కన్నీటిచుక్క పడితే మరక నిలిచిపోతుంది, ఎంత తుడిచినా పోదు. అందుకని ఏడుపు ఘట్టం వస్తే ముందే చెప్పాలని, మగ్గాలు ఆపి అందరూ వాకిట్లోకి వచ్చి ఏడ్చి, ముఖం కడుక్కుని లోపలికి పోవాలని కట్టడి పెట్టాడు. పిల్ల తన నాయన ముఖం మరిచిపోయిన వారం అట్లాగే చేశారు. ఆరుగురు మగవాళ్ళు గోడ వైపు తిరిగి వరసగా నిలబడి ఏడ్చారు. దారిన పోయేవాళ్ళు ఇంట్లో ఎవరు పోయారని అడిగారు.

చివరి భాగం వచ్చిన వారం పెద్ద మగ్గం మీద పెళ్ళిచీర ఉంది. ముహూర్తం దగ్గరపడింది, గంట ఆపినా కుదరదు. నేను బస్సు పెనుకొండలో ఆగినప్పుడే ముగింపు చదివేశాను. నవలలో ఏమవుతుందంటే, నిప్పులు పారే వాగును గుర్రం దాటి, పిల్లను అవతలి గట్టున దింపి, అక్కడే ఇసుకగా రాలిపోతుంది. అప్పటికి పిల్లకు గుర్రం కూడా గుర్తు లేదు. ఈ ఇసుక ఎక్కడిదో అని పావడా దులుపుకుని నడిచి వెళ్ళిపోతుంది. అంతే, కథ అయిపోయింది.

ఇది చదివితే పెళ్ళిచీర గతేమిటి? అందుకని కళ్ళు కాగితం మీదే ఉంచి, గొంతు వణకకుండా, నా సొంత ముగింపు చెప్పాను. గుర్రం రాలిపోలేదు. నాలుగడుగులు వేసి, ఆగి, మెడ తిప్పి వెనక్కి చూసింది. ఆ చూపుకు పిల్లకు అన్నీ గుర్తొచ్చాయి. నాడెలు మళ్ళీ అందుకున్నాయి. బావకు ఆ మెడ తిప్పడం ఎంత నచ్చిందంటే, నమూనా గీయించి, దాని ప్రకారం మగ్గం అట్టలకు చిల్లులు కొట్టించి, వెనక్కి చూసే గుర్రాన్ని చీర అంచులోకి ఎక్కించాడు. ఆ వీధిలో చాలా ఏళ్ళు ఆ అంచు నేశారు. మొదటి చీర అక్కది. తర్వాత నవల పుస్తకంగా వచ్చింది కానీ, అది ఎక్కడా దొరకదని నేనే ఆ వీధిలో ప్రచారం చేశాను.

ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు సినిమా. అక్క ఫోను చేసింది. ధర్మవరంలో శుక్రవారం మొదటి ఆటకు వీధి వీధంతా పోతున్నారట, నన్నూ రమ్మంది. మోకాళ్ళ నొప్పులతో పక్కవీధికి కూడా పోని మనిషి. గుర్రం చీర ఎండకు ఆరేశానని చెప్పి, చివర్లో ఒక మాటంది.

"గుర్రాన్ని ఏం చేస్తారో చూడాలప్పా. ఇన్నేండ్లు కాసుకోనుండా."

ఆ మాట విన్నాక నాకు అన్నం రుచించలేదు. ఆ అంచు చీరే కట్టుకుని, వీధివాళ్ళందరి మధ్యలో కూర్చుని, తెర మీద గుర్రం ఇసుకైపోవడం చూస్తుందా? పక్కనే నేను కూర్చుని ఉంటానా?

అదృష్టం కొద్దీ ఒక ఆదివారం టీ అంగట్లో పుకారు పుట్టింది. సినిమావాళ్ళు ముగింపు మార్చేశారట, గుర్రం బతుకుతుందట. గ్రూపు వాళ్ళు మండిపడ్డారు. మాస్టరుకు మాట తడబడింది. టికెట్లు కొనకూడదన్నారు, నిర్మాతలకు ఉత్తరం రాయాలన్నారు. నేను ఉండబట్టలేక, బతికితే మంచిదే కదా, మూగజీవం అన్నాను.

"ఏమబ్బా," అన్నాడు మాస్టరు చాలా మెల్లగా, "నువ్వు నవల చదివినావా, ల్యాకుంటే కండక్టరు పనిలో ఎవురన్నా చెప్తే వింటివా?"

ఆ సాయంత్రమే నన్ను గ్రూపులోంచి తీసేశారు. గుర్రం బతకాలన్నందుకు కాదు, దాన్ని మూగజీవమని అవమానించినందుకట. నేను బాధపడలేదు, పుకారు నిజమైతే చాలనుకున్నాను. గురువారం పొద్దున్నే మాస్టరే ఫోను చేశాడు. గొంతులో పండగ. సినిమా చూసినవాళ్ళు ఎవరో చెప్పారట, ముగింపు అక్షరం పొల్లు పోకుండా నవలలో ఉన్నట్టే ఉందట, తోకకు మూడో ముడి కూడా వేశారట. నన్ను క్షమించి గ్రూపులోకి మళ్ళీ చేర్చుకున్నాడు.

ఇక దారి లేదు. సినిమా చెప్పకముందే నేను చెప్పాలి. మధ్యాహ్నం బస్సెక్కాను. డ్రైవరు వెనక రెండో సీటు ఖాళీగా ఉంటే అక్కడే కూర్చున్నాను, కిటికీ పక్కన.

ఆ సీట్లో కూర్చున్నాక అబద్ధం నిలవలేదు. మొదట్లో చెప్పింది మీరూ నమ్మి ఉంటే, ఇక్కడ దిద్దుకోండి. నా బస్సులో ఆ సీట్లో ఒకాయన కూర్చుని రాసిన మాట నిజం. కళ్ళద్దాలున్న మాట నిజం. ఆయన విత్తనాల కంపెనీ ఏజెంటు. గోరంట్ల అంగళ్ళకు ఎన్ని మూటల వేరుశనగ పంపాలో రాసుకుంటున్నాడు. పెనుకొండలో బస్సు ఎంతసేపు ఆగుతుందని అడిగాడు, అంతే. గుర్రం ప్రసక్తి లేదు. నవలాకారుణ్ణి నేను జన్మలో చూడలేదు. ముగింపు మార్చిన గొప్ప నాదని బయటికి చెప్పుకోలేను కదా, ధర్మవరానికి తెలిసిపోతుంది. ఆ దిగమింగిన గొప్పే ఇట్లా వేరే దారిలో బయటపడిందనుకుంటాను.

నేను వెళ్ళేసరికి అక్క నడవలో మంచం మీద కూర్చుని ఉంది. ఒకప్పుడు మగ్గం ఉన్న గుంటను పూడ్చి బండలు పరిచేశారు, అక్కడే ఇప్పుడు ఆ మంచం. పక్కన మడత విప్పని నూలుచీర ఒకటి ఉంది, లేత పచ్చది. గుర్రం చీర కనిపించలేదు. కాఫీ ఇచ్చేదాకా ఆగమంది. ఆగితే ధైర్యం పోతుందని నిలబడే మొదలుపెట్టాను. గుర్రం బతకదని చెప్పాను. ఇసుకైపోతుందని, ఆ పిల్ల పావడా దులుపుకుంటుందని చెప్పాను. ఆ రోజు పెళ్ళిచీర కోసం ముగింపు నేనే కల్పించానని, గొంతు వణకకుండా చదివానని, తప్పు నాదని, కొట్టాలనుకుంటే కొట్టమని చెప్పాను. ఇన్నేళ్ళు మోసపుచ్చినందుకు ఏడుపు కూడా వచ్చింది, అది మాత్రం పెంచి చెప్పడం లేదు.

అక్క అంతా వింది. గుర్రం చీర ఏది అని అడిగాను.

"బీరువాలో పెడ్తి," అంది. "అది కట్టుకోని ఏడిస్తే మరక పడ్తాది. రేపు ఈ నూలుచీర కట్టుకుంటా."

నాకు అర్థం కాలేదు.

"గుర్రం సచ్చిపోయేది నాకు ఆ పొద్దే తెలుసప్పా. ఈదిలో అందురికీ తెలుసు. ఆ పొద్దు ఏడ్చేకి ల్యాకపోయె, మగ్గం మీద పెండ్లిచీర ఉండె. ఇప్పుడు మగ్గమూ లేదు, మీ బావా లేడు, వద్దనేవాళ్ళు లేరు. సినిమాకి పోయి బాగా ఏడ్చి వస్తాం."

నేను అంత బాగా కల్పించి చదివినా ఎట్లా తెలిసిందని అడిగాను. అక్క నన్ను, చిన్నప్పుడు పలక పగలగొట్టి వచ్చినప్పుడు చూసినట్టు చూసింది.

"నువ్వు యాడ చదివితివి? గుర్రం ఇసకైపాయ అని ఒక మాట చెప్పి వెక్కెక్కి ఏడిస్తివి. పడుగు మీద పడ్తాదని మీ బావ నిన్ను రెక్క పట్టుకోని బయటికి తోసె. పత్రిక తలకిందులు పట్టుకోని గుర్రాన్ని బతికించింది నేను. నువ్వు వాకిట్లో ముక్కు చీదుకుంటా ఉంటివి."