మాస్టారు దర్జీ నోరు మూయించిన రోజు

ప్రతి ఆదివారం మధ్యాహ్నం బల్లమీద పటం, పాచికలు పరిచి నలుగురికీ తలో పాత్ర ఇచ్చి సాహసకథను ఆటగా ఆడించే లెక్కల మాస్టారికి మొండి ఆటగాళ్లంటే బెదురు లేదు. ఎవరు పేచీ పెట్టినా కళ్లద్దాలు నుదుటికెక్కించి, "ఆ మాటేదో మీ పాత్ర గొంతుతో చెప్పండి, వింటాం" అనేవారు. ఎంతటి మొనగాడైనా పక్కున నవ్వి దారికొచ్చేవాడు. దర్జీ ఒక్కడే కొరకరాని కొయ్య. చనిపోయిన తన భార్య ఇదివరకు ఆడిన వైద్యురాలి పాత్రను కూడా తనే ఆడుతూ, ఆ పాత్రకు దెబ్బ తగిలినప్పుడల్లా అది తప్పేదాకా పాచిక మళ్లీ వేసేవాడు.

"ఇదేం తొండి అన్నా! ఆవిడొక్కతే చావదా?" అన్నాడు ఓ ఆదివారం, ఆటలో ఉన్న పోస్ట్‌మాన్. దర్జీ పాచికను గుప్పిట్లో దాచేసుకున్నాడు. మాస్టారు అలవాటుగా, "వైద్యురాలి గొంతుతో చెప్పవయ్యా" అన్నారు. దర్జీ భార్య మాట్లాడినట్టే మాట్లాడబోయి ఆగిపోయాడు. "దాని గొంతు గుర్తు రావట్లేదు మాస్టారూ" అన్నాడు. ఆ తర్వాత మాస్టారు ఎవరినీ పాత్ర గొంతుతో చెప్పమనలేదు. పేచీ పెట్టినవాళ్లను పెట్టనిచ్చారు.