శుభ శుక్రవారం నాడు నా పొట్ట పాడిన పాట

చర్చి నిండా జనం ఉండగా, మైకు ముందు నిలబడి, నోరు తెరవకుండానే పరువు పోగొట్టుకోవడం సాధ్యమా? సాధ్యమే. నేను పోగొట్టుకున్నాను. ఎలాగో చెబుతాను, మొహమాటపడకుండా నవ్వండి. మా ఆవిడ రిబ్కా ఇంకా ఆపలేదు, మీరు ఆమెకు తోడవుతారు.

అప్పుడు నాకు ముప్పై నాలుగేళ్లు. తమిళనాట పురసవాక్కంలో ఒక బట్టల కొట్టులో చీరలు పరిచి చూపించే పని. కూర్చుని కూర్చుని పొట్ట పెరిగింది, రక్తపరీక్షలో బార్డర్ షుగర్ అని తేలింది. డాక్టరమ్మ ఒక పీచు పొడి రాసిచ్చింది.

"ఇది నీకు అరగదు. పేగుల్లో ఉండే మంచి క్రిములు దీన్ని పులియబెట్టుకుని తింటాయి. ఆకలి అదుపులో ఉంటుంది, బరువూ పొట్టకొవ్వూ కొంచెం కొంచెంగా తగ్గొచ్చు. అర చెంచాతో మొదలుపెట్టి, మెల్లగా పెంచు. తొందరపడొద్దు, అర్థమైందా?"

అన్నీ అర్థమయ్యాయి, 'మెల్లగా' తప్ప. నాకున్న తొందర అలాంటిది మరి! మా తెలుగు చర్చి పాటల బృందంలో ఏళ్ల తరబడి వెనక వరసలో గొంతు కలిపిన నాకు, శుభ శుక్రవారం ఆరాధనలో ఒంటరిగా పాడే పాటను బృందాన్ని నడిపే దానం సార్ ఆ ఏడే ఇచ్చారు. బృందం తెల్ల జుబ్బా చూస్తే నా పొట్ట దగ్గర ఆగిపోయింది. ఇక నాకు కుదురు లేదు. పొద్దస్తమానం అద్దం ముందు పక్కకి తిరిగి చూసుకోవడం, పొట్ట లోపలికి పీల్చడం, మళ్లీ చూసుకోవడం.

ఆ శుక్రవారం పొద్దున డబ్బాలో మిగిలిన పొడంతా పెద్ద చెంబులో కలుపుతుంటే రిబ్కా చూసింది.

"ఏందయ్యా ఇది? మూడు గంటల దాకా ఉపవాసం అంటివే!"

"ఇది తిండి కాదు రిబ్కా. నాకు అరగనే అరగదు. ఉపవాసం నాది, భోజనం క్రిములది."

"డాక్టరమ్మ అర చెంచా కదా చెప్పింది?"

"మధ్యాన్నానికి జుబ్బా ఎక్కాలబ్బా! రేపట్నించి అర చెంచాదా."

గటగటా తాగేశాను. మధ్యాహ్నానికి పొట్ట తగ్గలేదు సరికదా, పైకి తేలింది. లోపల ఎవరో సామాను జరుపుతున్నారు. చర్చిలో ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుతుంటే దానం సార్ చెవిలో అడిగారు.

"ఏందిరా, ఒకచోట నిలబడలేకపోతుండావు?"

"భక్తి సార్."

"భక్తి అయితే సరిదా."

నాకు ముందు బైబిలు వాక్యం చదివిన సంతోషమ్మ అవ్వ కుర్చీలో కూర్చుని చదివింది. ఆమె కోసం దించిన మైకును ఎవరూ పైకెత్తలేదు. అది సరిగ్గా నా పొట్టకు ఎదురుగా ఉంది. చర్చంతా నిశ్శబ్దం. నేను నోరు తెరిచేలోగా, మొరాయించిన ఆటోలాగా పొట్ట గురగురలాడింది. స్పీకర్లన్నీ పలికాయి.

సంతోషమ్మ అవ్వ కళ్లు తుడుచుకుంది. "పాపం, బిడ్డ ఎంత పట్టుగా ఉపవాసం ఉండాడో! ఆ కడుపు కాలే సద్దు వినండి!"

నేను వినయంగా తల వంచాను. కథ అక్కడితో ఆగి ఉంటే ఈ పాటికి నన్ను భక్తుల్లో కలిపేవాళ్లు. ఆగలేదు. రెండో సద్దు వచ్చింది. అది వచ్చిన చోటు వేరు. దాన్ని ఆకలి అనడానికి అవ్వకు కూడా నోరు రాలేదు.

పక్క తలుపులోంచి పరిగెత్తాను. నా పాట దానం సార్ పాడారు. మరుగుదొడ్డిలో నిలబడి అంతా విన్నాను. నిజంగా ఏడుపొచ్చింది. అన్నేళ్లు ఎదురుచూసిన పాట!

సాయంత్రం సార్ ఇంటికొచ్చారు.

"సార్, వచ్చే ఏడన్నా ఇస్తారా?"

"వచ్చే ఏడు ఎందుకురా? ఎల్లుండి ఈస్టర్ పాట నువ్వేదా పాడు."

నా కళ్లు చెమర్చాయి. "ఇంత జరిగినా నా మీద అంత నమ్మకమా సార్?"

"నమ్మకం కాదురా. ఆ ఆరాధన ఆరుబయట. పైగా డ్రమ్స్ ఉంటాయి."

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నేను ఉపవాసం ఉన్న ప్రతిరోజూ, నా పొట్టలో కాపురముంటున్న సమస్త జనమూ నాతోపాటే ఉపవాసం ఉంటారు.