నాలుగ్గంటల పాలు

ఆళ్లగడ్డ బస్టాండు పక్కన ఓబులమ్మ బొరుగులతో చేసే ఉగ్గాని అమ్మే బండి పెట్టి అప్పటికి పన్నెండేళ్లు. భర్త పోయాక ఆమెకు ఉన్న ఆధారం అదొక్కటే. 1997 ఎండాకాలంలో ఆమెకు గుండెల్లో మంట మొదలైంది. తిన్నది పుల్లగా గొంతులోకి ఎగదన్నేది. వాము నమిలింది. జీలకర్ర నీళ్లు తాగింది. ఎవరో చెబితే వంటసోడా కూడా కలుపుకుంది. తేన్పు వచ్చేది గానీ మంట పోయేది కాదు.

ఆ వీధిలో సైకిలు మీద పాలు పోసే శివయ్య ఇదంతా చూశాడు. ఆయనకూ భార్య లేదు. ఒక మధ్యాహ్నం గ్లాసెడు చల్లటి పాలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

“తాగు. లోపల సల్లబడతాది.”

నిజంగానే చల్లబడింది. ఆ రోజు నుంచి నాలుగ్గంటలకు, బేరం పలచబడే వేళకు, శివయ్య అక్కడ సైకిలు ఆపేవాడు. ఆమె పాలు తాగేదాకా బెంచీ మీద కూర్చుని బర్రెల సంగతులు, వాన సంగతులు చెప్పేవాడు. చీకటి పడేసరికి మంట మళ్లీ లేచేది. అయినా ఓబులమ్మ పొద్దున్నుంచే నాలుగు ఎప్పుడవుతుందా అని చూసేది.

మూడేళ్లకు మంట ముదిరి అన్నం సయించకుండా పోయింది. నంద్యాల వెళ్లి డాక్టరమ్మకు చూపించుకుంది.

“పాలు తాగితే కాసేపు హాయిగానే ఉంటుందమ్మా. తర్వాత కడుపులో ఆమ్లం మళ్లీ ఊరుతుంది. పాలతో ఇది నయం కాదు,” అంది డాక్టరమ్మ. పొద్దున్నే తినకముందు వేసుకోమని మాత్రలు రాసింది. కారం తగ్గించమంది. తిన్న వెంటనే పడుకోవద్దంది. మంచానికి తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టుకోమంది.

తిరుగు బస్సులో ఓబులమ్మకు దిగులు పట్టుకుంది. మంట పోతే శివయ్య ఎందుకు ఆగుతాడు?

చెప్పినవన్నీ చేసింది. రెండు నెలల్లో మంట పోయింది. శివయ్యకు మాత్రం చెప్పలేదు.

“తగ్గినాదా?” అని ఆయన అడిగితే, “ఇంకా రవ్వంత ఉండాది,” అనేది.

2003లో వానల్లేక మేత దొరకలేదు. శివయ్య బర్రెలను అమ్మేసి, ప్యాపిలిలో ఉన్న కూతురు కల్పన దగ్గరికి బయలుదేరాడు. చివరి రోజు ఉత్త చేతులతో వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

“నాకు మంట పోయి శానా దినాలాయ, శివయ్యా,” అంది ఓబులమ్మ.

“తెలుసు.”

“ఎట్ల తెలుసు?”

“పోయిన ఏడు నువ్వు మిరపకాయ బజ్జీ తింటాంటే చూసినా.”

“మరి పాలెందుకు తెస్తాంటివి?”

శివయ్య బెంచీ మీది నుంచి లేచాడు. “పోయొస్తా,” అన్నాడు. ఉండిపొమ్మనాలని ఉన్నా ఆమె బండి మీది పళ్లేలు సర్దసాగింది.

ఏడాది ఓర్చుకుంది. తర్వాత ఒక ఆదివారం బండి మూసేసి ప్యాపిలి వెళ్లింది. శివయ్య చిక్కిపోయాడు. ఆమెను చూసి గబగబా చొక్కా తొడుక్కున్నాడు.

“ఎవరు నాయనా?” అంది కల్పన.

“ఆళ్లగడ్డలో మన పాలు పోయించుకునేటామె.”

కల్పన టీ ఇచ్చింది. కూతురి ముందు ఇద్దరూ వాన సంగతులే మాట్లాడుకున్నారు. బస్సు దాకా శివయ్య వెంట వచ్చాడు. కిటికీ చువ్వ పట్టుకుని, “మళ్లా వస్తావా?” అన్నాడు.

“నువ్వే రాగూడదా?”

బస్సు కదిలింది. ఆయన ఏదో అన్నాడు గానీ ఇంజను మోతలో వినబడలేదు. అది ఏ మాటై ఉంటుందా అని ఓబులమ్మ బనగానపల్లె దాకా ఆలోచిస్తూనే ఉంది.