చూడని బ్రేకు

మా మావయ్య లిఫ్ట్ మెకానిక్. ముప్ఫై ఏళ్లుగా ఒకే కంపెనీలో పనిచేస్తున్నాడు. ఆఫీసులో అందరూ ఆయన్ని 'నిదానం' అంటారు, ఎదురుపడితే చివర 'గారు' చేరుస్తారు. మిగతావాళ్లు రోజుకు ఆరు లిఫ్టులు చూసి వస్తే, మావయ్య నాలుగు చూసి ఐదోదాని గురించి ఆలోచిస్తూ వస్తాడు. ఇంట్లో అత్తయ్య భోజనానికి పిలిస్తే ఆయన చేతులు కడుక్కుని వచ్చేసరికి కూర చల్లారిపోయి ఉంటుంది. నేను అదే కంపెనీలో గుమాస్తాను. మెకానిక్కులు పంపే రిపోర్టులు ఫైల్లో పెట్టడం, కస్టమర్లకు చేర్చడం నా పని.

మావయ్య చేతిరాత కోడి కెలికినట్టు ఉంటుంది. ఆ కెలుకుడులో ఒక్క అబద్ధం మాత్రం ఉండదు. పాత రిపోర్టు కాగితం మీద ఒక్కో భాగానికి ఒక్కో గడి ఉండేది. "తలుపు సరే. గంట సరే. బ్రేకు చూడలేదు, తాళంచెవి దొరకలేదు." ఇదీ ఆయన వరస. ఆ 'చూడలేదు' చదివి కస్టమర్లు విసుక్కునేవారు, మేనేజరుగారు తల పట్టుకునేవారు. గడి కనబడితే చాలు, మావయ్య ఉన్నది ఉన్నట్టు రాసేవాడు.

ఆరు నెలల కిందట ఆఫీసు అందరి ఫోన్లలోకీ ఒక ఏఐ సాధనం తెచ్చింది. పని అయ్యాక చూసినవన్నీ నోటితో చెబితే అది పొందికగా రిపోర్టు రాసిపెడుతుంది. మెకానిక్కు ఫోన్లోనే సంతకం పెడితే నాకు చేరుతుంది. అందరికీ దాన్ని నేర్పే పని నాకు అప్పగించారు. మొదటి వారం మావయ్యతో నా తలప్రాణం తోకకొచ్చింది. ఫోనుకు నాలుగు మాటలు చెప్పి, "వింటున్నారా అండీ?" అని అడిగేవాడు. రెండో వారానికి ఇష్టం పుట్టింది. రిపోర్టులు ఇంటికెళ్లి అత్తయ్యకు చదివి వినిపించేవాడు.

"పెళ్లైన దగ్గర్నుంచీ నువ్వింత బాగా మాట్లాడ్డం నేను వినలేదు" అంది అత్తయ్య.

అయితే సంతకానికి ముందు ప్రతి రిపోర్టూ వేలు పెట్టి చదివేవాడు. దాంతో నాలుగు లిఫ్టులు కాస్తా మూడయ్యాయి. ఎందుకు తగ్గాయని మేనేజరుగారు నన్ను పిలిచి అడిగిన రోజున నాకు ఒళ్లు మండింది.

"మావయ్యా, నువ్వు చెప్పిందే కదా అది రాసేది. మళ్లీ చదవడం దేనికి? సంతకం పెట్టేసి పంపెయ్."

"అంతేనంటావా?"

"నేను చెబుతున్నాగా."

నా మాట మీద ఆయనకు గురి. ఆ రోజు నుంచి చదవడం మానేశాడు.

ఒక బుధవారం పొద్దున ఎముకల ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. అక్కడ నాలుగంతస్తులకీ ఒకటే లిఫ్టు. ఎక్కేవాళ్లలో సగం మంది చక్రాల కుర్చీల్లో ఉంటారు.

"పైన మెషిన్ రూము తాళం తెరుచుకోలేదని మీ నిదానంగారు వెనక్కెళ్లారు కదండీ. బాగు చేయించాం. మళ్లీ ఎప్పుడొస్తారు?" అని అక్కడి ఆఫీసామె అడిగింది.

ఫైలు తీశాను. నాలుగు రోజుల నాటి రిపోర్టు. "మెషిన్ రూములో బ్రేకు పరీక్షించడమైనది. పనితీరు సంతృప్తికరం." కింద మావయ్య సంతకం. మెకానిక్కులు చెప్పిన మాటల రికార్డు మా దగ్గర ఉంటుంది. అది పెట్టుకుని విన్నాను. తలుపుల గురించి, బటన్ల గురించి, గంట గురించి చెప్పాడు. బ్రేకు మాట ఎత్తలేదు. అడగడానికి ఫోన్లో గడి లేదు, ఆయన మర్చిపోయాడు. లిఫ్టు రిపోర్టు అన్నాక ఆ వాక్యం ఉండి తీరాలనుకుందో ఏమో, ఆ సాధనం తనంతట తానే రాసేసింది.

కబురు చేస్తే మావయ్య వచ్చాడు. నిలబడే చదివాడు.

"ఇది నేనన్లేదే."

"అవును మావయ్యా, రికార్డు విన్నాను."

"సంతకం మాత్రం నాదే" అని పనిముట్ల సంచీ భుజాన వేసుకున్నాడు. నేనూ వెంట వెళ్లాను.

ఆస్పత్రి లిఫ్టు ఆపించి గంటన్నర చూశాడు. బ్రేకు భేషుగ్గా ఉంది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది.

"హమ్మయ్య. ఆ రిపోర్టు తీసేసి ఇవాళ్టిది పెట్టేస్తాను మావయ్యా. ఎవరికీ తెలీదు."

మావయ్య చేతులు తుడుచుకున్నాడు.

"మా ఎనిమిది మంది మెకానిక్కుల దగ్గరా అదే సాధనం ఉంది కదమ్మా. మిగతావాళ్లకీ ఇలాగే రాసిపెట్టి ఉంటే?"



మర్నాడు మావయ్య మేనేజరుగారికి చేత్తో ఉత్తరం రాసి, ఇచ్చి రమ్మని నాకిచ్చాడు. చూడని బ్రేకును చూసినట్టు సంతకం పెట్టానని, తప్పు తనదేనని, అందరి రిపోర్టులూ ఒకసారి వెతికించమని రాశాడు. నా ఊసు ఎక్కడా లేదు. అది చదివి సిగ్గుతో చచ్చిపోయాను. సలహా నాది, పోయేది ఆయన ముప్ఫై ఏళ్ల పేరు. ఆయన సంతకం కిందే నేను రాశాను: "చదవకుండా సంతకం పెట్టమని చెప్పింది నేను. మిగతా ఏడుగురికీ అదే చెప్పాను."

మేనేజరుగారు మొదట విసుక్కున్నారు. "ఎవరికీ ఏమీ కాలేదు కదా, ఎందుకిద్దరూ కలిసి నెత్తిమీదికి తెస్తారు?" అన్నారు. నేను రాసిన రెండో వాక్యం దగ్గరకొచ్చేసరికి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఆ సాయంత్రమే ఫోన్లో రిపోర్టులు ఆపించి, గడులున్న పాత కాగితాలే మళ్లీ వాడమన్నారు. మా ఇద్దరికీ చెరొక మెమో వచ్చింది. మావయ్యకి ఉద్యోగంలో అదే మొదటిది.

ఏ లిఫ్టునైనా నెలకోసారి చూస్తారు కనుక, అంతకుముందు నెల రిపోర్టులన్నీ ముందేసుకుని నలుగురం వారం రోజులు రికార్డులు విన్నాం. ఇరవై మూడింట్లో మెకానిక్కు అనని బ్రేకు మాట రిపోర్టులో ఉంది. దొరికింది దొరికినట్టే మనుషుల్ని పంపారు. ఇప్పుడా సాధనాన్ని సరిచేయించి మళ్లీ వాడుతున్నాం. బ్రేకు గురించి చెప్పకపోతే అది అడుగుతుంది, చెప్పేదాకా రిపోర్టు ఇవ్వదు. అయినా లిఫ్టు ముందు నిలబడి పైకి చదివాకే సంతకం పెట్టాలని ఆఫీసు నియమం పెట్టింది. అది నేనే అడిగి పెట్టించాను.

ఆ ఇరవై మూడింట్లో ఇరవై రెండు బాగానే ఉన్నాయి. మిగిలినది ఐదంతస్తుల అపార్టుమెంటులో లిఫ్టు. ఆ రిపోర్టు వేరే మెకానిక్కుది, అతను సెలవులో ఉంటే మావయ్య వెళ్లాడు. జనానికి సర్దిచెప్పడానికి నేనూ వెళ్లాను. బ్రేకుకు పట్టునిచ్చే లైనింగు అరిగి కాగితంలా ఉంది. మావయ్య కరెంటు తీసేసి, తలుపుకు అడ్డంగా బోర్డు కట్టాడు. అప్పుడే నాలుగో అంతస్తులో ఉండే ఒకావిడ సరుకుల సంచీతో వచ్చి, బోర్డు చూసి ఆయన మీద విరుచుకుపడింది.

"పొద్దున మా పిల్లలు ఇందులోనే దిగి బడికెళ్లారండీ. నిన్నటిదాకా బాగానే తిరిగింది. మీరొచ్చి ముట్టుకోగానే పాడైందా?"

"నిన్నటిదాకా ఎవరూ చూళ్లేదమ్మా" అన్నాడు మావయ్య.

ఆవిడ చేతిలోంచి సంచీ అందుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాడు.