మెరుపు చచ్చిన బంగారం

మా సంఘంలో బాప్తిస్మం పొందిన స్త్రీ ఒంటి మీద బంగారం ఉంచుకోదు. మా అమ్మ కమ్మలు తీసేసి ఎన్నేళ్ళయిందో, చెవుల రంధ్రాలు కూడా పూడుకుపోయాయి. ఆదివారం ఆరాధనలో విరిచి అందరికీ పంచే ప్రభువు బల్ల రొట్టె చేసే పని ఆమెది.

పందొమ్మిది వందల డెబ్బైల మధ్యలో ఆమె వేళ్ళు వాచి వంకర తిరిగాయి. పిండి కలపలేకపోయేది. నేను చేస్తానంటే ఒప్పుకోలేదు. ఇంగ్లీషు మందులు ఆమె కడుపుకు పడలేదు. చివరికి పలివెలలో ఒక పెద్ద వైద్యుని దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన స్వర్ణభస్మం పొట్లాలు కట్టి, తేనెతో నాకమన్నారు.

"బంగారం లేకుండా ఇవ్వలేరాండీ?" అంది అమ్మ.

"అప్పుడింక తేనె ఒక్కటే మిగుల్తుందమ్మా."

ఇంటికి వచ్చాక పొట్లాలు ముట్టలేదు. సంఘ పెద్దను పిలిపించింది.

"ఒంటి మీద వద్దన్నాం గానీ చెల్లెమ్మా, ఒంట్లోకెళ్ళేదాని సంగతి మనమెప్పుడూ అనుకోలేదు" అన్నారాయన.

"బైబిల్లో, ఎడారిలో బంగారు దూడకి మొక్కినోళ్ళ చేత ఆ బంగారాన్నే పొడి చేసి తాగించేరు కదండీ. అది శిక్షే కదండీ?"

"అది నీళ్ళలో. ఇది తేనెలో."

ఆయన నవ్వారు. అమ్మ నవ్వలేదు.

నాలుగో రోజున పొట్లం విప్పి చూసింది. లోపల ఎర్రటి పొడి ఉంది. "ఇది ఇటుక పొడే. మనల్ని మోసం చేసేరు" అంది. బంగారం వద్దన్న మనిషే, బంగారం లేదని తగువాడడానికి బస్సెక్కింది.

వైద్యుడు నొచ్చుకోలేదు. "మెరిస్తే నగకి పనికొస్తుందమ్మా, మందుకి రాదు. కాల్చి, నూరి, మళ్ళీ కాల్చి, మెరుపు చచ్చేదాకా వదలం."

"పూర్తిగా చచ్చిందాండీ?"

"ఆయ్. ఎండలో చూసుకోండి."

అమ్మ వాకిట్లోకి వెళ్ళి పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది. "మాలో పాత మనిషి చచ్చిపోతేనే గదండీ మేమైనా బాప్తిస్మం తీసుకునేది" అని, మొదటి మోతాదు అక్కడే తేనె అడిగి నాకింది.

బళ్ళో సైన్సు చెప్పే నాకు ఆ ఎరుపు సంగతి ఎనభైలలో గానీ తెలియలేదు. బంగారాన్ని కంటికి ఆననంత సన్నని రేణువులు చేస్తే పసుపు పోయి ఎరుపు తేలుతుందనీ, అలాంటి రేణువులతో రోగాల జాడ పట్టే పరీక్షలు చేస్తున్నారనీ ఒక పత్రికలో చదివి అమ్మకు చెప్పాను.

"ఎరుపేనా?" అని మాత్రం అడిగింది.

ఆ మందుకి వేళ్ళు పూర్తిగా సాగలేదు. వాపు తీసింది, అంతే. నేను పత్రిక సంగతి చెప్పేనాటికి ఆమె మళ్ళీ పీట ముందు కూర్చుని పిండి వత్తుతోంది. ఆమె చేసే రొట్టె ఒక పక్క మందంగా వచ్చేది. సంఘ పెద్ద ప్రతి ఆదివారం ఆ పక్క నుంచే విరిచేవారు.