మా బుజ్జవ్వ తలకాయ ఫోటో

బుజ్జవ్వా...

నిన్న పొద్దుగాల బోధన్ నుంచి అల్లుడు ఫోన్ చేసిండు.
"అత్తమ్మా, బుజ్జి ఇగ లేదు" అన్నడు.

నీకు తెద్దామని జావ కాస్తున్న. పొయ్యి బంద్ చేసుడు గూడ యాది లేదు. అట్లనే నిలవడ్డ.

జ్వరమే గద, తగ్గుతది అనుకున్న. దమ్ము అందలేదంట.

నాకు ఎక్కువ చదువు రాదు. నేను చెప్తున్న, నా పెద్దకొడుకు వాని ఫేస్‌బుక్‌ల రాస్తున్నడు.

నా బిడ్డ బీడీలు చేస్తుండె. చాట ఒళ్లె పెట్టుకున్నదంటే నోరు ఆగకపోవు, చెయ్యి ఆగకపోవు.

గసొంటి చేతులల్లకెళ్లి దారం జారుడు షురూ అయింది. ఒక కన్ను మసక.
కొన్నొద్దులు రోగం తక్కువైతుండె. మల్ల వస్తుండె.

ఆ తక్కువైన రోజులే దానికి పగైనయి.
"నిన్న మంచిగనే ఉంటివి. పని అనంగనే చేతులు పడిపోతయా?" అని వాళ్ల అత్త.

రక్తం టెస్టులల్ల ఏం రాలే. తంబాకు పట్టిందన్నరు, గాలి సోకిందన్నరు. ఆఖరికి అందరు నకరాలు అన్నరు.

"అవ్వా, నువ్వన్న నమ్ముతున్నవా?" అని అడుగుతుండె.
నమ్మిన బిడ్డా. కని నా మాట ఎవరింటరు?

హైదరాబాద్‌ల పెద్ద డాక్టర్ రాసిస్తే ఎమ్మారై, గదే తలకాయ ఫోటో, తీపిచ్చినం.

ఆడ మిషన్ కాడి పిల్ల "ఒంటి మీద లోహం ఏదీ ఉండొద్దమ్మా, లోపట పెద్ద అయస్కాంతం" అన్నది. పుస్తెలు, మట్టెలు, అన్నీ తియ్యాలె.

వియ్యపురాలు తలుపుకు అడ్డం నిలవడ్డది.
"మొగడు బతికుండంగ పుస్తెలు తీస్తరా ఎవలన్న?"

అల్లుడు ఉరికిపోయి కిరాణ దుకాణంల పసుపు కొమ్ము తెచ్చి, పసుపు దారంతోని దాని మెడల కట్టిండు. మట్టెల తావుల నేను బీడీల దారం చుట్టిన. నా సంచిల ఎప్పుడు ఉంటది.

బుజ్జవ్వ మెడకెల్లి సూసుకున్నది.
"అత్తమ్మా, ఇంత ఉప్పు గూడ ఎయ్యుండ్రి. కూరకు తయారైన."

వియ్యపురాలు నవ్వలే. కని పక్కకు జరిగింది.

బయటికొచ్చినంక అడిగిన, ఎట్లుండెనే అని.
"ఫ్యాక్టరీ మిషన్ల చెరుకు గడ పోయినట్టు పోయిన. సప్పుడు గూడ గదే. రసం ఒక్కటే తియ్యలే."

డాక్టర్ సాబ్ ఫిల్మును లైటుకు పెట్టిండు. తలకాయల తెల్లతెల్లటి మచ్చలు.

"కరెంటు వైరు మీద రబ్బరు లేసిపోయినట్టు ఈమె నరాల మీద పూత లేస్తున్నది. ఈ మచ్చ కంటి తొవ్వల ఉంది. ఇది చేతి తొవ్వల. మల్టిపుల్ స్క్లీరోసిస్ అంటరు. ఈమె చెప్పిందంత నిజమే" అన్నడు.

పూరాగ తక్కువ చేసే మందు లేదని గూడ అన్నడు.

నాకు ఏడుపాగలే. బుజ్జవ్వ నవ్వుతున్నది.
ఎందుకు నవ్వుతున్నవే అంటే, "కనవడ్డది గదనే అవ్వా" అన్నది.

వియ్యపురాలు ఆ ఫిల్ము ముంగటికెళ్లి జెరసేపు కదల్లే.

నిన్న శవం కాడ ఎవలో అన్నరు, "ఎన్నడు మంచంలనే ఉంటుండె, పనికి ఒంగని మనిషి" అని.

నేను నోరు తెరిచేలోపట్నే వియ్యపురాలు లేసింది.
"దాని తలకాయల ఏమున్నదో నేను సూసిన. గన్ని మచ్చలుంటే నువ్వు మంచినీళ్లు గూడ ముంచుకోకపోదువు. అది నాకు వండి పెట్టింది."



పోయిరా బిడ్డా. ఆడ నిన్ను ఎవలు ఏం అడగరు. నిమ్మళంగ పండుకో.

నిన్నటి సంది మా ఎంబడి ఉన్నోళ్లందరు, ఇండ్లకు పోయి కడుపు నిండ తినుండ్రి.