కుక్కల బండి తాతయ్య

కుక్కల మధ్య కూర్చుని కాఫీ తాగే చోటు ఒకటి ఊళ్లో తెరిచారని విన్నప్పుడు తాతయ్యకి నవ్వు రాలేదు. మనవరాలు మాత్రం వారం నుంచీ ఇల్లు పీకి పందిరేస్తోంది. పుట్టినరోజుకి గౌనొద్దు, బొమ్మొద్దు, అక్కడికే వెళ్లాలి, తాతయ్య కూడా రావాలి, తాతయ్య ఒళ్లో కుక్కపిల్లని కూర్చోబెట్టి ఫోటో తీయాలి. పొద్దస్తమానం కిచకిచమంటుందని ఆ పిల్లని ఇంట్లో అందరూ పిచ్చుక అనే పిలుస్తారు.

"నాకు మోకాళ్ల నొప్పులే పిచ్చుకా, మీరు వెళ్లిరండి" అన్నాడు తాతయ్య.

"అక్కడ కూర్చోవడమేగా తాతయ్యా! మోకాళ్లతో పనేముంది?"

"తాతయ్య రాలేరులే, ఎందుకే బలవంతం?" అని కూతురు అడ్డం పడింది. ఆ అడ్డం పడటంలో తండ్రి మీద ప్రేమ ఎంతో, ఏం బయటపడుతుందోనన్న భయమూ అంతే. అల్లుడు, పాపం, ఏమీ తెలియని మంచివాడు. "మామయ్యగారు రాకపోతే ఇది కేకు కూడా ముట్టదు" అని తేల్చేశాడు. దాంతో వాదన అయిపోయింది.

అల్లుడికి తెలిసిందల్లా మామగారు మునిసిపాలిటీలో చేసి రిటైరయ్యారని. అది అబద్ధం కాదు. ఉద్యోగమంటే ఏదైనా ఒకటే అనుకునే వయసులో ఆయన అక్కడ చేరాడు. చీపురు పని ఖాళీ లేదు, కుక్కల బండి మీద ఖాళీ ఉందన్నారు. సరేనన్నాడు. ఇనపకడ్డీ చివర తీగ ఉచ్చు కట్టుకుని వీధివీధీ తిరగడం, ఊరకుక్కల్ని పట్టి జాలీ బండిలోకి ఎక్కించడం, సాయంత్రం షెడ్డు దగ్గర దించడం. ఎవరన్నా వచ్చి మాదని విడిపించుకుంటే సరే, లేకపోతే సూది. ఆ రోజుల్లో అంతే. సూది వేసేది వేరేవాళ్లు. "పట్టడం వరకే నా పని" అని మొదట్లో అందరికీ చెప్పుకునేవాడు. తర్వాత చెప్పడం మానేశాడు, అడిగేవాళ్లు కూడా ఎవరూ లేరు.

కుక్కలు మాత్రం ఆయన్ని బాగా గుర్తుపెట్టుకున్నాయి. సెలవు రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూరలకి బయల్దేరినా సరే, మలుపు తిరగ్గానే ఒకటి లేచేది, దాని వెనక మిగతావన్నీ. ఒక వీధి కుక్కలు ఆయన్ని జాగ్రత్తగా సాగనంపి పక్క వీధివాటికి అప్పజెప్పేవి. "మీతో బజారుకొస్తే ఊరేగింపే" అని భార్య నవ్వుతూ అవతలి పక్కన నడిచేది. ఆ నవ్వే మనిషి పోయింది. నిజానికి ఆయనకి కుక్కలంటే ఇష్టమే. రిటైరయ్యాక గేటు ముందు నిలబడి రొట్టెముక్క చూపించి పిలిచేవాడు. ఒక్కటీ దగ్గరికి రాలేదు.

కూతురు ఈ సంగతికి ఎప్పుడూ నవ్వలేదు. బళ్లో పిల్లలు ఆమెని చూసి భౌ భౌ అనేవాళ్లు. పెళ్లయ్యాక ఆ మాట పుట్టింటి గడప దాటనివ్వలేదు. ఆ పిల్ల పడ్డది ఆ పిల్లకే తెలుసు, తప్పు పట్టడానికి మనమెవరం?

ఇప్పుడు తాతయ్యకి మిగిలింది పిచ్చుక ఒక్కతే. బడి నుంచి రాగానే సంచీ విసిరేసి ఆయన ఒళ్లోకి ఎక్కి కూర్చుంటుంది. అల్లుడికి తెలిస్తే తెలియనీ, దీనికి తెలిస్తే ఎలా అన్నదే ఆయన బెంగంతా. అక్కడి కుక్కలన్నీ తనని చూసి ఒక్కసారిగా లేచాయంటే, నిన్నొక్కణ్ణే చూసి ఎందుకు మొరుగుతున్నాయి తాతయ్యా అని అడక్క మానదు. ఆ రోజు పొద్దున్న ఆయన రెండుసార్లు స్నానం చేశాడు. చేతులు గోళ్లూడేలా తోముకున్నాడు.

గుమ్మంలోనే చెప్పులు విప్పించారు. లోపల నేలంతా మెత్తటి పరుపులు, గోడ పొడుగునా పొట్టి బల్లలు, మెడకి రుమాళ్లు కట్టిన కుక్కలు. ఎర్ర రుమాలుదాన్ని ముట్టుకోకూడదట, నీలం రుమాలుదాన్ని ఎత్తుకోవచ్చట. కాఫీ నురగ మీద కూడా కుక్క మొహమే. తాతయ్య గోడకి ఆనుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. కూతురు ఆయన్నే చూస్తోంది.

ఒక పెద్ద కుక్క వచ్చి ఆయన మోకాలు వాసన చూసి, ఆవులించి వెళ్లిపోయింది. ఇంకొకటి తోకాడించింది. ఏదీ మొరగలేదు. వీధి మొహం ఎరగని కుక్కలు, వాటికి ఈయనెవరో ఏం తెలుసు? కూతురి మొహం తేటపడింది. తాతయ్యకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

పిచ్చుక నీలం రుమాలు కుక్కపిల్లని తెచ్చి ఆయన ఒళ్లో దింపింది. అది ఆగుతుందా? గుండీలు కొరికింది, గడ్డం నాకింది, మెలికలు తిరిగింది. ఎక్కడ పడిపోతుందోనని తాతయ్య చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఆయన్ని అడగలేదు. బొటనవేలూ రెండు వేళ్లూ కలిసి చెవుల వెనకున్న వదులు చర్మాన్ని ఒడిసిపట్టి కాస్త పైకెత్తాయి. అంత అల్లరీ మానేసి కుక్కపిల్ల కాళ్లు వేలాడేసి కదలకుండా ఉండిపోయింది.

"అబ్బ, ఎంత బాగా పట్టుకున్నారండీ!" అంది అక్కడ పనిచేసే అమ్మాయి. "ఇది ఎవరి దగ్గరా క్షణం కుదురుగా ఉండదు. మీరంటే ఎంత ఇష్టమో చూడండి."

అల్లుడు ఫోటో తీశాడు.

ఇష్టం కాదది. ఎన్ని పిల్లల్ని అలా పట్టి గోనెసంచిలో వేశాడో ఆయనకే తెలియదు. అవి కూడా ఇలాగే, తల్లి నోట కరిచి ఎత్తుకుందనుకుని, బుద్ధిగా వేలాడేవి. ఇక్కడి కుక్కలన్నీ మీదపడి కరిచినా తాతయ్యకి ఇంత బాధ ఉండేది కాదు.

"నాకూ నేర్పు తాతయ్యా!" అంటూనే పిచ్చుక తన చిన్న వేళ్లు సరిగ్గా అక్కడే పెట్టి పట్టేసింది. కుక్కపిల్ల వేలాడింది. "చూడు చూడు, నాకూ వచ్చేసింది!"

తాతయ్య ఆ చేతిని లాగిపారేశాడు. గట్టిగానే లాగాడు. ఆ పిల్లని ఏనాడూ గదమాయించి ఎరగడు. పిచ్చుక బిక్కమొహం వేసింది.

"ఏమైంది నాన్నా?" అంది కూతురు.

"ఆ పట్టు దానికి రాకూడదమ్మా" అన్నాడు తాతయ్య.

"ఏ పట్టు మామయ్యగారూ?" అన్నాడు అల్లుడు.

కూతురు ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. ఇన్నేళ్లు దాచిందీ ఆమే, బయటపెట్టిందీ ఆమే. "మా నాన్న కుక్కల బండి మీద చేసేవారండీ. ఊళ్లో కుక్కల్ని పట్టేవారు."

పనిచేసే అమ్మాయి ట్రే తీసుకుని పక్కకి తప్పుకుంది. అల్లుడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. పిచ్చుక కళ్లు మాత్రం మెరిశాయి.

"నిజంగానా తాతయ్యా? పట్టి ఇలాంటి చోటికే తెచ్చేవాడివా?"

అవునంటే అయిపోయేది. అవునను నాన్నా అని కూతురు కళ్లతోనే బతిమాలుతోంది. ఆయనకీ ఆ మాట నోటిదాకా వచ్చింది. ఈలోగా ఆ కుక్కపిల్ల, ఏమీ జరగనట్టు, ఆయన అరచేతిలోనే తల పెట్టుకుని పడుకుంది. దాని ఊపిరి వెచ్చగా తగులుతుంటే ఆయనకి అబద్ధమాడటానికి నోరు రాలేదు.

"లేదు తల్లీ."

"మరి?"

"ఎవరూ రాకపోతే చంపేసేవాళ్లు. నేను చంపలేదు. తీసుకెళ్లి ఇచ్చింది మాత్రం నేనే."

పిచ్చుక చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది. ఏడవలేదు. మెల్లగా వంగి, రెండు చేతులూ కుక్కపిల్ల పొట్ట కింద పెట్టి, ఆయన ఒళ్లోంచి తీసేసుకుంది. గుండెలకి హత్తుకుని వెళ్లి వాళ్లమ్మ వెనక కూర్చుంది. తాతయ్య వద్దనలేదు.